మెట్ల మలుపులో ఆగిపోయిన వల

శనివారం వస్తోందంటే నాకు అన్నం సహించేది కాదు. బందరులో మా ఆర్కిటెక్టు భాస్కరరావుగారు పెట్టిన నియమం అలాంటిది. ఆయన దగ్గర పనిచేసే కుర్ర ఆర్కిటెక్టులం ముగ్గురం వారానికో కట్టడం చూసి, అక్కడ గంటసేపు కూర్చుని, దాని మంచీచెడూ ఒక పేజీ రాసుకొచ్చి శనివారం అందరి ముందూ చదవాలి.

"గీయడం కాలేజీలో నేర్పారు. గీసినదాన్ని ప్రశ్నించడం ఎవరూ నేర్పలేదు. రాయండి!" అనేవారు.

మిగతా ఇద్దరూ ఏ బస్టాండునో ఏకిపారేసి హాయిగా టీ తాగేవాళ్లు. నాకు ఒళ్లు మండేది. ఊళ్లో వాళ్ల తప్పులు ఎవరైనా రాస్తారు.

తొంభై ఎనిమిదిలో ఒక వారం నేను ఎంచుకున్నది హంసలదీవి దారిలో ఒక జాలరిపల్లెలోని తుఫాను షెల్టరు. డిజైను మాదే, సంతకం భాస్కరరావుగారిది. ఆ మధ్య తుఫాను హెచ్చరిక వస్తే దానిలోకి ఒక్కరూ ఎక్కలేదని విన్నాను. అలాంటివే ఇంకో నాలుగింటి డ్రాయింగులు కట్టడానికి సోమవారం వెళ్లిపోతున్నాయి. అది తలుచుకుంటే కాలు నిలవడం లేదు.

కోడూరు దాకా బస్సు, అక్కణ్ణించి ఆటో. షెల్టరు కింద వీరదుర్గ అనే ఆవిడ చేపలు ఎండబెడుతోంది.

"పైకి ఎందుకు ఎక్కలేదండీ?" అన్నాను.

"వలలు ఎక్కలేదమ్మా. ఇద్దరు మగాళ్లు కర్రకేసి మోస్తారు. ఆ మెట్ల మలుపులో కర్ర తిరగలేదు. వల వదిలేసి మా ఆయన రాడు, ఆయన్ని వదిలేసి నేనెట్టా ఎక్కుతాను? ఏదో, గాలి పక్కకి పోయింది కాబట్టి బతికాం."

ఆ మెట్లెక్కి చూశాను. మలుపు దగ్గర చేతులు చాచితే రెండు గోడలూ తగిలాయి.

శనివారం పేజీ చదివాను. 'ఈ భవనాన్ని రూపొందించినవారికి వల బరువు తెలియదు' అని ముగించాను. మిగతా ఇద్దరూ తలలు దించుకున్నారు. ఉద్యోగం పోయిందనుకున్నాను.

"బాగా రాశావు సుధా" అన్నారు భాస్కరరావుగారు. "ఆ మెట్లు గీసిందెవరు?"

"నేనేనండి."

"గీసేముందు అక్కడికి వెళ్లావా?"

"లేదండి. మీరూ పంపలేదుగా!" నోరు జారింది.

ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. "పంపలేదు. నేనూ వెళ్లలేదు. మరి ఆ రెండు మాటలూ పేజీలో లేవేం?"

సిగ్గుతో చచ్చిపోయాను. అంత ధైర్యంగా రాశానని మురిసిపోయిన పేజీలో నేను దాక్కున్నాను. అక్కడే నిలబడి రాశాను: 'ఈ మెట్లు గీసింది సాయిసుధ. సంతకం పెట్టింది భాస్కరరావు. ఇద్దరూ ఆ పల్లె చూడలేదు.'

ఆయన చదివి, ఆ నాలుగు షెల్టర్ల ట్రేసింగు షీట్లూ నా ముందు పరిచి, ఇంకు గోకే బ్లేడు చేతిలో పెట్టారు. "సోమవారం పంపడం లేదు. ఆ మెట్లు గోకెయ్."

బ్లేడు తిరిగి ఆయన బల్ల మీదే పెట్టాను.

"ఇప్పుడు కాదండి. రేపు పొద్దున్న ఆరింటికి కోడూరు బస్సుంది. ఈసారి మీరూ వస్తున్నారు."