కాటా కూస్తేనే కూలి

నేను ఒక కాటాను. బంగారం తూచే సుకుమారాన్ని కాను, బస్తాలు విసిరేసినా ఓర్చుకునే ఇనప కాటాను. కింద పలక, పక్కన స్తంభం, దాని నెత్తిన ఎర్ర అంకెలు. నన్ను తయారుచేసినవాళ్ళు అబద్ధం నేర్పలేదు. ఆ లోటు కొనుక్కున్నవాళ్ళు తీర్చారు.

మొదట కొన్నది అనకాపల్లి బెల్లం వ్యాపారి. రైతు దగ్గర కొనేటప్పుడు దిమ్మను చెప్పు మొనతో కిందనుంచి ఎత్తేవాడు. అమ్మేటప్పుడు మోచెయ్యి ఆనించేవాడు. ఆ తర్వాత దేవుడి పటానికి దండం పెట్టేవాడు. పోనీలెండి, వాడికి కనీసం మోచెయ్యి నొప్పెట్టేది.

వాడు నన్ను విజయనగరం బైపాసు పక్కనున్న పార్సిళ్ళ గోడౌనుకి అమ్మేశాడు. అక్కడి మేనేజరు విశ్వనాథం గారు నన్ను ముట్టుకోకుండానే ఎదుటివాళ్ళ సొమ్ము కాజెయ్యగలరు. చదువుకున్నవారు మరి.

ఆయన రూలు చెబుతాను, నిదానంగా వినండి. పర్మినెంటు వాళ్ళు గేటులో వేలిముద్ర వేస్తే చాలు, జీతం మొదలు. పార్ట్‌టైము వాళ్ళకి ఆ భాగ్యం లేదు. లారీ రావాలి, నామీద మొదటి బరువు పడాలి, నేను కుయ్యిమనాలి. అప్పుడు కంప్యూటర్లో వాళ్ళ డ్యూటీ మొదలవుతుంది. వాళ్ళని రమ్మనేది తెల్లారగానే. లారీ వచ్చేది దానికి బుద్ధి పుట్టినప్పుడు. ఈలోగా గోడౌను ఊడ్చడం, తోపుడుబళ్ళు సర్దడం పని కాదట. దాని పేరు ‘సాయం’. ఆ మాట అనేటప్పుడు విశ్వనాథం గారి నోట్లో బెల్లం కరిగేది.

పార్ట్‌టైము వాళ్ళలో ఎర్నమ్మ అని ఒకామె ఉండేది. ఈ కొలువు కోసం రెండిళ్ళ పాచిపని వదులుకుంది. ఒకరోజు చీపురు గోడకి ఆనించి విశ్వనాథం గారిని అడిగింది. "బాబూ, ఊడిసినదానికీ, కాసుకున్నదానికీ కూలి కట్టరా?"

"సాయానికి కూలేంటమ్మా? కాటా మీద బరువు పడితేనే డ్యూటీ. రూలు రూలే."

ఎర్నమ్మ నాకేసి చూసింది. తిన్నగా వచ్చి, కొంగు సర్దుకుని, నామీద చతికిలబడింది. నేను కుయ్యిమన్నాను.

"ఏయ్, దిగు! నువ్వేమన్నా పార్సిలువా?"

"మీ మాటే గదా బాబూ. బరువు పడింది. నాను బరువు కానేటి?"

"ఒలే ఎర్నా, జరగవే, నానూ కూకుంతాను!" అని పక్కనే ఊడుస్తున్న సూరమ్మ వచ్చి పడింది. ఆమె మరింత బరువు. జన్మలో అంత సంతోషంగా నేనెప్పుడూ కూయలేదు.

విశ్వనాథం గారు తెలివైనవారు. నన్ను స్టోరుగదిలోకి తోయించి తాళం వేశారు. తలుపు సందులోంచి నాకంతా కనబడుతూనే ఉంది. కాసేపటికి లారీ వచ్చింది. ఒక్క పార్ట్‌టైము మనిషీ కదల్లేదు.

"దింపండర్రా!"

"కాటా ఏదీ బాబూ? అది కూయందే డ్యూటీ నేదు గదా," అంది ఎర్నమ్మ.

"సాయం చెయ్యండే!"

"సాయమైతే ఇష్టముంటే సేస్తాం. ఇయ్యాల ఇష్టం నేదు."

పర్మినెంటు వాళ్ళు దింపుడు తమ పని కానట్టు గోళ్ళు చూసుకున్నారు. డ్రైవరు హారను మీద చెయ్యి తియ్యలేదు. విశ్వనాథం గారు స్వయంగా ఒక పెట్టె ఎత్తి, రెండడుగులు వేసి, కాలిమీద వేసుకున్నారు. లోపల గాజుసామాను. పాదమూ, గాజూ ఒకేసారి కేకవేశాయి. అప్పుడొచ్చింది న్యాయం, మనిషి బొటనవేలు వాచాక.

మర్నాటినుంచి పార్ట్‌టైము వాళ్ళకీ గేటులో వేలిముద్ర. సిబ్బంది సంక్షేమం తన ఆలోచనేనని పైవాళ్ళకి చెప్పుకుని విశ్వనాథం గారు శాలువా కప్పించుకున్నారు. నేను తప్పుడు తూకం తూస్తున్నానని రాసి పాతసామాన్లవాడికి అమ్మేశారు.

నన్ను బండికెక్కిస్తుంటే ఎర్నమ్మ వేలిముద్ర వేసి, ఊడవడం ముగించి, కాళ్ళు చాపుకుని లారీ కోసం కూర్చుని ఉంది. విశ్వనాథం గారు కుర్చీలోంచే గద్దించారు. "ఊరికే కూర్చోడానికా నీకు జీతం?"

"లారీ కోసం కూకున్నాను బాబూ," అంది ఎర్నమ్మ. "తవరూ అందుకే గదా కూకున్నారు?"