రెండు సొట్టలు

సకుజి ఎడమచేత్తో చక్రం తిప్పుతూ కుడి బొటనవేలి గోరును రిమ్ముకు ఆనించాడు. వంకరున్న చోట గోరుకు సర్రుమని తగులుతుంది. చక్రం నిలిపే స్టాండుకు వంకర చూపించే ముల్లు ఉంది గానీ నలభై ఆరేళ్ళుగా అతను నమ్మింది ఆ గోరునే. ఒకచోట తగిలింది. అక్కడి స్పోకును పావుచుట్టు బిగించి మళ్ళీ తిప్పాడు. తగల్లేదు. లేవబోతే మోకాళ్ళు ఒప్పుకోలేదు. బల్ల అంచు పట్టుకుని కాసేపు అలాగే వంగి ఉండి, అప్పుడు లేచాడు.

అరవై తొమ్మిదేళ్ళు. పొట్టి మనిషి, బక్కపలచన. గోళ్ళ సందుల్లో గ్రీజు ఏ సబ్బుకూ లొంగదు. పెళ్ళెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే "కుదర్లేదు" అంటాడు, బస్సు తప్పిపోయిన వాడిలాగా. సరస్సు ఒడ్డున ఉన్న హికొనె ఊళ్ళో, స్టేషను వెనక సందులో ఉన్న ఈ సైకిల్ షాపులో ఇరవై మూడో యేట చేరాడు. యజమాని పోయి పదకొండేళ్ళయింది. ఆయన కూతురు చిజురు ఇప్పుడు షాపు నడుపుతోంది. ముందువైపంతా బ్యాటరీ సైకిళ్ళు నిండిపోయాయి. వాటికి చోటిస్తూ ఇస్తూ సకుజి బల్ల వెనక్కి జరిగి జరిగి స్నానాలగది గోడకు ఆనుకుంది.

"బాబాయ్, ఇవాళన్నా ఇసావో గారి బండి అవుతుందా?" చిజురు గుమ్మంలోంచే అడిగింది. "మూడింటికి వస్తాట్ట. ఏం అబద్ధం చెప్పమంటావో ఇప్పుడే చెప్పు, నేర్చుకుంటాను."

"అవుతుందమ్మాయ్."

"జూలై నుంచీ అదే పాట."

ఇసావో అతనికి బడిరోజుల నేస్తం. టోఫు, అంటే సోయా గింజల జున్ను, చేసి అమ్మేవాడు. నలభై ఏళ్ళు చన్నీళ్ళలో నానిన చేతులు ఇప్పుడు మొద్దుబారిపోయాయి. సన్న టైర్ల సైకిలు మీద పావుగంట పోతే చాలు, రోడ్డు మీది ప్రతి గతుకూ వేళ్ళలోకి ఎక్కి, బ్రేకు పట్టుకున్నదీ లేనిదీ తెలియదు. లావు టైర్ల బళ్ళను జీవితమంతా వెక్కిరించిన ఆ పెద్దమనిషే, జూన్ వానల్లో గొడుగు వేసుకుని వచ్చి తల వంచాడు.

"చక్రాలు చిన్నవి చెయ్యి, టైర్లు లావువి వెయ్యి. మంచు పడేలోగా ఒక్కసారి సరస్సు చుట్టి రావాలిరా. నువ్వూ వస్తున్నావు. రెండు రోజులు సెలవు పెట్టు."

టైర్లు జూలైలోనే వచ్చాయి. రాలేదని సకుజి చెప్పాడు. ఆగస్టులో కూడా రాలేదన్నాడు. తర్వాత రిమ్ములు దొరకడం లేదన్నాడు. ఇప్పుడు నవంబరు. ఉత్తరాన కొండల మీద తెలుపు కనిపిస్తోంది.

విషయం ఏమిటంటే, ఇసావో బండి ఫ్రేము సకుజి చేసింది. ఇరవై ఏడో యేట, యజమాని పక్కన నిలబడి చూస్తుండగా, ఒక్కో గొట్టం కోసి, అతికి, ఆకురాయి పట్టి చేసింది. పూర్తయ్యాక యజమాని దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "బాగుంది. నువ్వు చక్రాలే చూసుకో" అన్నాడు. అంతే. బాగుంటే మళ్ళీ ఎందుకు చేయనివ్వలేదని సకుజి అడగలేదు. చక్రాలే చూసుకున్నాడు. ఆ ఒక్క ఫ్రేమునూ ఇసావో కొనుక్కుని, మీద గీత పడితే పరిగెత్తుకొచ్చేవాడు.

చిన్న చక్రానికి వేసిన లావు టైరు పక్కలకు ఉబ్బి ఫ్రేము గొట్టాల మధ్యకు వస్తుంది. సరిగ్గా అక్కడే, పెడల్ ఇరుసు వెనక, రెండు గొట్టాలు దగ్గరపడతాయి. టైరు రాసుకుంటుంది. చోటు కావాలంటే ఆ గొట్టాలను లోపలివైపు నొక్కి సొట్ట పెట్టాలి. వేరే దారి లేదు. ఎవరి ఫ్రేమైనా అయితే సకుజి పదినిమిషాల్లో నొక్కేసేవాడు. దీనికి మాత్రం అయిదు నెలలూ వంకలు వెతికాడు.

సన్నని గాడి చెక్కిన రెండు చెక్కముక్కల మధ్య గొట్టాన్ని పెట్టి బల్లకున్న వైసు దవడల్లో బిగించాడు. పిడి మీద చేయి వేసి ఆగాడు. ఛీ, ముసలి పీనుగా, ఇంకా దేనికోసం దాస్తున్నావు అని తనను తానే తిట్టుకుని తిప్పాడు. ఉక్కు చప్పుడు చేయలేదు. నీలం రంగు మాత్రం పెళుసుగా చిట్లి నేల మీద రాలింది. రెండోవైపు ఇంక ఆలోచించలేదు. చక్రం ఎక్కించి, పొడుగు చేతుల బ్రేకులు బిగించి, వేలు పెట్టి చూస్తే టైరుకూ గొట్టానికీ మధ్య చిటికెనవేలు దూరింది. దూరినందుకు సంతోషించాలో ఏడవాలో అతనికి తెలియలేదు.

ఇసావో మూడు కాకుండానే దిగాడు. మెడకు తువ్వాలు చుట్టుకుని, బండి చుట్టూ తిరిగి, వంగి, ఆ సొట్టను బొటనవేలితో తడిమాడు.

"నొక్కేశావన్నమాట."

"ఊఁ."

"పిలిస్తే వచ్చి నీ చెయ్యి పట్టుకునేవాణ్ణి కదరా, పురుడు పోసుకునే దానిలాగా."

"నోర్ముయ్యి. తొక్కి చూడు."

తొక్కి వచ్చేసరికి ముక్కు ఎర్రబడింది, ముఖం వెలిగిపోతోంది. "పరుపు మీద పోతున్నట్టుందిరా! వేళ్ళు తెలుస్తున్నాయి, చూడు, బ్రేకు తెలుస్తోంది!" అని అయిదు వేళ్ళూ సకుజి మొహం ముందు ఆడించాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "టైర్లు జూలైలోనే వచ్చాయని మీ చిజురు నాకు ఎప్పుడో చెప్పేసింది."

సకుజి గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు.

"ఒక్కటే కదా నువ్వు కట్టింది. నువ్వే నొక్కుతావని ఆగాను. వేరేవాడి చేత నొక్కిస్తే నీ మొహం చూడగలనా? శనివారం పొద్దున్నే అయిదింటికి. అన్నం ముద్దలు మా ఆవిడ యసుయే కట్టిస్తుంది. దారిలో నొప్పి నొప్పి అన్నావంటే సరస్సులో తోసేస్తాను."

ఇసావో సరస్సు వైపు రోడ్డు పట్టుకుని, కొంతదూరం తిరిగి ఇంటికి పోతానని వెళ్ళాడు. సకుజి గుమ్మందాకా వెళ్ళి చూడలేదు. సిగ్గేసింది. చిజురు దగ్గరికి వెళ్ళి, నలభై ఆరేళ్ళలో మొదటిసారి, శని ఆదివారాలు రెండూ సెలవు కావాలన్నాడు. ఆమె క్యాలెండరు మీద రెండు సున్నాలు చుట్టింది.

ఆరింటికి ఫోను మోగింది. చిజురు మాట్లాడింది. పెట్టేసి అతని బల్ల దగ్గరికి వచ్చింది.

"బాబాయ్. యసుయే గారు. ఆయన ఇంటికి వచ్చి, మెట్టు మీద కూర్చుని బూట్లు విప్పుకుంటూ, అలాగే పక్కకి ఒరిగిపోయాట్ట. గుండె."

సకుజి నడిచే వెళ్ళాడు. ఇసావోను లోపలి గదిలో పడుకోబెట్టారు. మొహం మీద తెల్లగుడ్డ. అగరొత్తి పొగ తిన్నగా లేస్తోంది. యసుయే తలుపు దగ్గర కూర్చుని ఉంది.

"ఎంత సంబరపడ్డాడో అన్నయ్యా. గుమ్మంలోంచే కేకేశాడు, వేళ్ళు తెలుస్తున్నాయే అని."

జూలైలోనే చేసి ఉంటే, అనబోయాడు సకుజి. ఎండాకాలమంతా, ఆకులు ఎర్రబడిందాకా తిరిగేవాడు. తన ఫ్రేముకు సొట్ట పడుతుందని తను దాచుకున్నవి ఆ మనిషి రోజులు. తల నేలకు ఆనించి దండం పెట్టాడు.

బయటికొచ్చేసరికి బాగా చీకటి పడింది, వీధిదీపం వెలుగుతోంది. టోఫు దుకాణం గోడకు సైకిలు ఆనించి ఉంది. సకుజి చతికిలబడి వెనక టైరును చేత్తో తడిమాడు. కొత్త రబ్బరుకు ఉండే సన్నటి నూగు నడిమధ్యన ఒక్క గీతలాగా అరిగింది, రెండు పక్కలా ఇంకా నిక్కపొడుచుకునే ఉంది.