నాలుగో గిన్నె

వీధంతా ఆమెను రేకులత్త అనేది. పొద్దున్నే కొట్టు తలుపు తీసి, కొలిమి రాజేసి, కత్తెరకు నూనె రాసి, ఆ తర్వాతే ఎవరితోనైనా మాట్లాడేది. ముందురోజు చేసిన రేకు గిన్నెల్లో నీళ్ళు పోసి గడపలో వరసగా పెట్టేది. చెమ్మ దిగిన గిన్నెను సుత్తితో నలగ్గొట్టి మూలకు విసిరేసేది. ఆమె మాటు వేసిన అతుకు కారిందని ఎవరూ అనలేదు. అన్నవాడొకడున్నాడు. వాడి ఇంటి ముందునుంచి ఆమె ఇప్పటికీ నడవదు.

ఏదైనా అవుతుందో కాదో తెలియక మనసు కుదరనివాళ్ళు కూడా ఆమె దగ్గరికే వచ్చేవాళ్ళు. ఆ సంగతి ఎన్ని రకాలుగా జరగొచ్చో అన్ని గిన్నెలు బల్లమీద పెట్టి, ఒక్కో గిన్నెలోకి వంగి ఒక్కో మాట చెప్పి, నడుమ చెంబుడు నీళ్ళు పోసేది. నీళ్ళు బల్లమీద పాకి, గిన్నెల అంచులెక్కి, ఏ మాటకు ఎంత వీలుందో అంతే ఆ గిన్నెలో చేరేవి. జరగనే జరగనిదాని గిన్నె పొడిగా ఉండేది. అన్నీ కలిపి పోస్తే మళ్ళీ అదే చెంబుడు. నిండిన గిన్నెనే నమ్ముకుని వెళ్ళి, వేరేది జరిగితే తిరిగొచ్చి తగువు పెట్టుకునేవాళ్ళూ ఉండేవాళ్ళు. రెండో గిన్నెలో చుక్క కనబడలేదా, చుక్కున్నదేదైనా జరగొచ్చు, కళ్ళు ఇంట్లో పెట్టొచ్చి నన్నంటారేం అని కసిరి పంపేది.

కొడుకు ఆమె దగ్గరే పని నేర్చాడు. ఒకసారి వాడి అతుకు కారితే, కొనడానికొచ్చినవాళ్ళ ముందే ఆ గిన్నెను నలగ్గొట్టింది. వాడు కత్తెర కింద పెట్టి, పెళ్ళాంతో వేరు కాపురం పోయి, ఇళ్ళకు రేకు కప్పులు వేసే పనిలో చేరాడు. బంగారంలాంటి పనివాణ్ణి కప్పులెక్కించింది కోడలేనని రేకులత్త తేల్చేసింది. ఆమె పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. వాళ్ళ గడప తొక్కలేదు. వాడే వచ్చి తప్పయిందమ్మా అంటే అప్పుడు చూద్దాం అనుకుంది. వాడూ ఆమె కడుపున పుట్టినవాడే, రాలేదు.

వానకు తడిసిన కప్పుమీంచి వాడు జారి, తల నేలకు కొట్టుకునేలా పడ్డాడు. ఆసుపత్రిలో కళ్ళు తెరవకుండా ఉన్నాడు. కోడలు లేని వేళ చూసుకుని వెళ్ళి చూసొచ్చింది రేకులత్త. వచ్చి బల్లమీద రెండు గిన్నెలు పెట్టింది. లేచి నా ఇంటికి వస్తాడు అని ఒకదాంట్లో చెప్పింది. రెండోదాంట్లో చావు మాట చెప్పింది. నీళ్ళు పోసింది. మొదటిదాంట్లో అడుగు తడిసింది. రెండోదాంట్లో వేలి లోతు చేరింది. మిగతాదంతా బల్లమీంచి కారి నేలపాలైంది.

అతుకు పోయిందనుకుంది. రెండు గిన్నెలకూ మళ్ళీ మాటు వేసి మళ్ళీ పోసింది. మళ్ళీ నేలంతా నీళ్ళే. అలా మాటు వేస్తూ, పోస్తూ ఉండగా కోడలు వచ్చి గడపలో నిలబడింది.

తలకు కోత పెట్టాలా వద్దా సాయంత్రంలోగా చెప్పమన్నాడట డాక్టరు. ఇంటివాళ్ళంతా ఒక్కమాట మీద ఉంటేనే చెయ్యి వేస్తానన్నాడట. రేకులత్త తల ఎత్తకుండా మళ్ళీ నీళ్ళు పోసింది. కోడలు కారుతున్న నీళ్ళు చూసి, గిన్నెలకేం చెప్పారని అడిగింది. ఆమె చెప్పింది.

"మీ ఇంటికేనా, అత్తయ్యా? మా ఇల్లొకటుంది కదా," అంది కోడలు.

కోడలే అరమీంచి గిన్నె తీసి, దాంట్లో తన ఇంటి మాట చెప్పి పెట్టింది. ఈసారి మూడో గిన్నె కూడా అడుగున తడిసింది. నేలమీద ధార మాత్రం ఆగలేదు. ఎవరి ఇల్లు వాళ్ళు తలుచుకున్నారు గాని, వాడు ఏ ఇల్లూ ఎరగకుండా బతకొచ్చని అప్పటిదాకా ఇద్దరికీ తోచలేదు.

నాలుగో గిన్నెను కోడలే తీసింది. "బతుకుతాడు. మనల్ని ఎరగడు," అని దాంట్లో చెప్పింది. నీళ్ళు పోశారు. ఆ గిన్నె అంచుదాకా నిండింది. బల్ల ఆరిపోయింది.

అది కోత పెట్టకపోతే జరిగేది. కోత పెడితే అని నాలుగు గిన్నెల్లోనూ కలిపి చెప్పి మళ్ళీ పోశారు. చావు గిన్నె నిండింది. నాలుగోది పొడిగా ఉంది. రెండిళ్ళ గిన్నెల్లోనూ ముందుకన్నా నాలుగు చుక్కలు ఎక్కువున్నాయి. కోడలు తన చుక్కల్ని అత్తగారి గిన్నెలోకి వంచేసింది, ఎవరింటికైతే ఏమని. కలిపినా అడుగు నిండలేదు.

"చుక్కలున్నాయిగా," అంది రేకులత్త. "ఉన్నదేదైనా జరగొచ్చు. నన్ను ఎరగని కొడుకు నాకెందుకు?"

"ఈ నాలుగు చుక్కల కోసం గిన్నెడు మనిషిని పారబోస్తారా?"

ఎదురు మాట పడని మనిషి ఆ మాట పడింది. గిన్నె అడుగును వేలితో తడిమింది. తర్వాత కొంగుతో ఆ చుక్కల్ని తుడిచేసి, కోత వద్దని చెప్పు అంది.

వాడు బతికాడు. కళ్ళు తెరిచాడు. కోడలి ఇంట్లో కిటికీ పక్కన మంచం వేశారు. కోడలు పనికి పోవాలి గనక రేకులత్త కొట్టు మధ్యాహ్నానికే మూసి అక్కడికి వెళ్ళడం మొదలుపెట్టింది. తల దువ్వేది, అన్నం కలిపి పెట్టేది. వాడు పరాయివాళ్ళతో మాట్లాడినట్టు మర్యాదగా మాట్లాడేవాడు. అంత నెమ్మదైనవాడని ఆమెకు ఎన్నడూ తెలియదు.

"మీరెవరండీ?" అని రోజూ అడిగేవాడు.

"పక్కింటిదాన్ని," అనేది.

ఒకరోజు కోడలు త్వరగా వచ్చి ఆ మాట విన్నది. అత్తగారు చెయ్యి కడుక్కోడానికి పెరట్లోకి వచ్చినప్పుడు, అమ్మనని చెప్పొచ్చుగా అత్తయ్యా అంది మెల్లగా.

రేకులత్త చెయ్యి కడుక్కుంటూనే ఉంది.

"చెబితే, ఇన్నాళ్ళూ ఎందుకు రాలేదని అడుగుతాడు."