బ్రష్ బాబాయ్

తన వీపు మీద తనకు హక్కుందని ఏ మనిషీ విర్రవీగరాదు. సృష్టిలో ఆ ప్రాంతం మొదటినుంచీ పరుల పాలనలోనే ఉంది.

ప్రయోగక్షేత్రం గేటు దగ్గర కూర్చునే ముసలి కాపలాదారు ఉద్యోగమంతా ఈ సత్యం మీదే నిలిచింది. లోపల పెరిగేది కలుపుమందుకు చావకుండా, ఆటమైదానాల కోసం జన్యువులు మార్చిన గడ్డి. దాని గింజ గోడ దాటి బయటి గడ్డితో కలిసిందంటే ఇక అదుపు చేయడం ఎవరి తరమూ కాదు. అందుకే సాయంత్రం వెళ్ళేవారంతా ఆయన ముందు చేతులు చాచి నిలబడాలి. రాజును పట్టాభిషేకానికి సిద్ధం చేస్తున్నంత గంభీరంగా ఆయన భుజాలూ వీపూ దులిపి, రాలిన నలుసులను కుంపట్లో వేసేవాడు. అందరూ బ్రష్ బాబాయ్ అనేవారు. భార్య పోయాక ఆయన తాకే మనుషులు వీరే. ఆయనను తాకేవారు లేరు.

ఆ సాయంత్రం దులిపించుకుంటూ డైరెక్టరు ఫోనులో సంజాయిషీ చెబుతున్నాడు. బయటి గడ్డికి మందు కొట్టినా కొంత చావలేదట. గాలి పనో, పిట్టల పనో అట. కమిటీ వేశారట. బాబాయ్ చెయ్యి ఆగింది. తన చేతికింద నుంచి ఒక్క గింజా పోలేదన్నదే ఆయనకు మిగిలిన ఆస్తి.

డైరెక్టరు వెళ్ళాక బయటికి వచ్చి చూశాడు. ఎండిన గడ్డి నడుమ పచ్చని కుచ్చులు. అవి పెద్దరోడ్డు వైపు పోలేదు. సందులోకి తిరిగి, ఆయన రోజూ ఆయాసం తీర్చుకునే కల్వర్టు దగ్గర గుంపుగా ఆగి, మళ్ళీ బయలుదేరి ఆయన గది గుమ్మం ముందు నిలిచాయి. ఆయన ఇంటికి ఇంకే చుట్టాలూ వచ్చి ఎరగరు.

వెనక్కి నడిచాడు. ఆఖరున వెళ్తున్న శాస్త్రవేత్తను దులిపి, నెమ్మదిగా అడిగాడు.

"అమ్మా, నా వీపు కాస్త దులుపుతారా?"

"మీకెందుకు బాబాయ్? మీరు కడిగిన ముత్యం."

"ఆ గడ్డి నా వీపు మీదే పోయిందమ్మా."

"ఆ మాట కమిటీకి చెప్పకండి. పాపం, వాళ్ళ భత్యం పోతుంది," అని నవ్వి, ఆమె బస్సుకు పరుగెత్తింది.

ఒంటిమీది స్వెట్టరు విప్పి తనే దులుపుకోవచ్చు. కానీ తనను తాను దులుపుకున్నవాణ్ణి ఆయన ఎన్నడూ గేటు దాటనివ్వలేదు. గేటుకు లోపలినుంచి తాళం వేసి కుర్చీలో కూర్చున్నాడు.

తెల్లవారి చూసేసరికి అలాగే కూర్చుని ఉన్నాడు, ఊపిరి మాత్రం లేదు. ఆ స్వెట్టరుతోనే మోసుకుపోయారు. మోసినవారిని గాని, ఆయనను గాని గేటు దగ్గర ఎవరూ ఆపలేదు. తప్పంతా గాలిదేనని కమిటీ ఏకగ్రీవంగా తేల్చింది.

కుర్చీలో బ్రష్ ఉండిపోయింది. దాని పిడి జానెడు; పట్టుకున్నవాడి వీపుకు అందదు.