అల్సి చేను

కాలువ చివరి చేలకు నీళ్లు రావని మోస్రా ఊళ్లో ఎవర్నడిగినా చెప్తారు. ఈరవ్వ చేను ఆ చివర్నే. అయినా వదిలేస్తేగా! ఒకప్పుడు చెరకు పండిన తన పది గుంటల్లో, బోధన్ అంగట్లో కొన్న అవిసె గింజలు చల్లింది. అక్కడ వాటిని అల్సి అంటారు.

"అల్సికి నీళ్లెక్కువ అక్కెర లేదట," అంది. భర్త కొమురయ్య నవ్వాడు.

మొక్కలు మోకాలెత్తు పెరిగి మొగ్గ తొడిగాయి. అయితే ఈరవ్వ తెల్లారకముందే కూలి ఆటో ఎక్కి పక్క ఊరు వర్నికి వరి నాట్లకు పోతుంది. కొమురయ్యది రైసుమిల్లు పని, అతనూ అప్పుడే బయల్దేరతాడు. ఇద్దరూ చేను చూసేది సాయంత్రాలే. వారం రోజులుగా కొమ్మల మీద ఒక్క పువ్వు కనబడలేదు. నేల మీద మాత్రం వాడిన నీలం రేకులు.

"తెగులు తగిలింది. పూత రాలినంక గింజ యాడ పడ్తది? రేపు పొద్దుగాల్ల వెంకటి ట్రాక్టర్ తెస్తడు. దున్నిచ్చి నువ్వులేద్దాం," అన్నాడు కొమురయ్య.

ఆ రేకులు ఏరి చూసింది ఈరవ్వే, ఎట్లా కాదంటుంది?

మర్నాడు ఇద్దరూ పని మానుకున్నారు. ట్రాక్టర్ వచ్చేసరికి చేను పచ్చగా, మొగ్గలు ముడుచుకుని ఉంది.

"యాడికెల్లి మొదలువెట్టాలె, అన్నా?" అన్నాడు వెంకటి.

"జర ఆగు తమ్మీ," ఈరవ్వ అడ్డం నిలబడింది. "పొద్దు పొడవనీ. ఒక్కపారి సూసుకుంట."

పొద్దు పొడిచింది. ఎండ తగిలిన కొమ్మన ఒక మొగ్గ విచ్చుకుంది. దాని పక్కన ఇంకోటి. ఆమె కళ్లు నులుముకుని చూస్తుండగానే, నీలిమందు పెట్టిన చీర ఆరేసినట్టు చేనంతా నీలమైపోయింది. గాలి వీస్తే ఆ నీలమంతా ఒక్కసారి కదిలింది. ఇంత అందం తన చేతి మీదుగా మొలిచిందంటే ఈరవ్వ నమ్మలేకపోయింది.

వెంకటి ఇంజన్ ఆపి దిగాడు. కొమురయ్య చెప్పులు విడిచాడు. ఎందుకు విడిచాడో అతనికే తెలియదు.

మధ్యాహ్నానికి రేకులు రాలసాగాయి. ఈసారి ఈరవ్వ కొమ్మను దగ్గరికి వంచి చూసింది. రేకులు విడిచిన చోట చిన్న పచ్చి కాయ ఉంది. దాని కింద నిన్నటి పువ్వుది, కాస్త పెద్ద కాయ.

"తెగులు గాదయ్యా," అంది భర్తతో. "గిది రోజూ పూసింది. సూసెతందుకు మనమే లేకుంటిమి."