క్షమాపణ ఎన్ని కిలోలు

వైతోవు, నలోటో జట్లు ఫుట్‌బాల్ ఆడాయని మా వైపు ఎవరూ అనరు. "మొన్న వాళ్లతో అయింది" అంటారు. ఏమైందని వినేవాళ్లు కూడా అడగరు. తొమ్మిదేళ్లలో ఈ రెండు జట్లు ఒకరి మీద ఒకరు వేసుకున్న గోల్స్ ఏడు. రాలిన పళ్లు అంతకంటే ఎక్కువే.

ఈ పగ ఎక్కడ మొదలైందో నేను రెండు వైపులా అడిగి చూశాను. మా వాళ్లు వాళ్ల పెద్దల్ని అడగమన్నారు. వాళ్ల పెద్దలు మా వాళ్లకే బాగా తెలుసన్నారు. కారణం ఏమిటో తెలియకపోయినా దాన్ని నిలబెట్టుకోవడం మాత్రం రెండు ఊళ్లూ బాధ్యతగా భావిస్తాయి.

మాది వైతోవు, తాతల కాలంలో చెరకు పనికి ఈ దీవికొచ్చిన కుటుంబాలం; నలోటో వాళ్లు మొదట్నుంచీ ఈ దీవి వాళ్లే. మా జట్టు కెప్టెన్ నా తమ్ముడు శలేంద్ర. చెరకు లారీ నడుపుతాడు. ముప్పై మూడేళ్లొచ్చాయి. నేను ప్రతి మంగళవారం భజన మండలిలో ముందు కూర్చునే మనిషిని కాబట్టి మైదానం గీత పక్కన నోరు మూసుకుని ఆట చూస్తానని పేరు. ఒకసారి రిఫరీని అనకూడని మాట అని, మర్నాడు ఉపవాసం ఉన్నాను. అది మండలిలో ఎవరికీ తెలియదు.

ఈసారి డెబ్బయ్యో నిమిషంలో అయింది. వాళ్లకి కార్నర్ కిక్ వచ్చింది. నలోటో కెప్టెన్ మెసాకె మా శలేంద్ర పక్కన నిలబడి, వాడి పాదం మీద తన బూటు పెట్టి, వాన వస్తుందేమో అన్నట్టు ఆకాశం వంక చూశాడు. శలేంద్ర వాడి చెంప మీద కొట్టాడు. ఆ చప్పుడు చెరకు తోట దాకా వినిపించింది.

ఆ తర్వాత మామూలే. రెండు జట్లూ పరిగెత్తుకొచ్చాయి. అందరికంటే వేగంగా వచ్చినవాళ్లు అందరికంటే ముందు ఆగారు. వెనక నుంచి ఇద్దరేసి పట్టుకున్నవాళ్లు మాత్రం "వదలండ్రా నన్ను" అని గొంతు చించుకున్నారు. మా గోల్ కీపర్ ప్రణీల్‌ని పట్టుకున్నవాళ్లకి చేతులు నొప్పెట్టి నిజంగానే వదిలేశారు. వాడు ఒక్క క్షణం బిత్తరపోయి, వంగి బూటు తాడు కట్టుకున్నాడు. రిఫరీ చెరకు మోసే రైలింజను కూసినట్టు విజిల్ ఊదుతూనే ఉన్నాడు.

అందులో రిఫరీ చూసింది చెంపదెబ్బ ఒక్కటే. బుధవారం జిల్లా కమిటీ నుంచి కాగితం వచ్చింది. శలేంద్ర ఏడాది పాటు ఆడకూడదు.

ఆ వారంలోనే ఇంకో కాగితం కూడా వచ్చింది. దేశం మొత్తం మీద జిల్లాల మధ్య జరిగే పోటీకి మా జిల్లా జట్టులో శలేంద్ర పేరు ఉంది. పదకొండేళ్లుగా వాడు ఆ పేరు కోసం ఎదురుచూశాడు. ప్రతి ఏడూ జాబితా గోడకి అంటించిన రోజు లారీ ఆపి దిగి చదువుకుని, మాట్లాడకుండా మళ్లీ ఎక్కేవాడు. ముప్పై నాలుగేళ్లవాడిని వచ్చే ఏడు ఎవరూ తీసుకోరు. మెసాకె పేరు కూడా అదే జాబితాలో ఉంది, వాడి కాలికి ఏ శిక్షా పడలేదు.

దారి ఒక్కటే ఉంది. దెబ్బ తిన్నవాడు తర్వాతి వారం శనివారం కమిటీ ముందుకొచ్చి, ఆచారం ప్రకారం క్షమాపణ అడిగారు, నేను తీసుకున్నాను అని చెబితే శిక్ష రెండు ఆటలకి తగ్గుతుంది. అంటే, దంచి నీళ్లలో కలుపుకుని తాగే యంగోనా వేళ్ల కట్ట ఒకటి పట్టుకుని మేం నలోటో వెళ్లి, చాప మీద తల వంచుకుని కూర్చోవాలి. తప్పు చేసినవాడు మాట్లాడకూడదు, వాడి తరఫున ఇంకొకరు మాట్లాడాలి. ఆ పని నా మీద పడింది.

శలేంద్ర ఒప్పుకోడానికి ఒక పూట పట్టింది. వాడు ఒప్పుకున్నాక అసలు చర్చ మొదలైంది. కట్ట ఎంత బరువుండాలి?

మా వరండాలో జట్టంతా కూర్చుని తేల్చడం మొదలుపెట్టింది. కొట్టింది అరచేత్తో, పిడికిలితో కాదు కాబట్టి అరకిలో చాలునన్నాడు ప్రణీల్. ముందు కాలు తొక్కింది వాళ్లు, ఆ మేరకు తగ్గించాలన్నాడు ఇంకొకడు. రెండు కిలోలు తీసుకెళితే దవడ విరగ్గొట్టామేమోనని ఊరంతా అనుకుంటుందని కోచ్ భయపడ్డాడు. నేను కూడా తల ఊపుతూ లెక్క వింటున్నాను. లోపల్నుంచి నా భార్య కమ్లావతి అంది, "పప్పులో ఉప్పెంతో అడిగితే చెబుతాను గానీ, సిగ్గెంత వెయ్యాలో నాకు తెలియదు బాబూ." అందరూ నవ్వారు. ముప్పావు కిలో అని తీర్మానించారు.

మార్కెట్లో వేళ్లమ్మేవాడు పెళ్లికా, చావుకా అని అడిగాడు. ఫుట్‌బాల్‌కి అన్నాను. అయితే పెద్దది పట్టుకెళ్లు అన్నాడు. నేను చిన్నదే ఏరాను.

ఆ తర్వాతి వారం గురువారం సాయంత్రం నాలుగింటికి చెరకు లారీలో బయల్దేరాం. నేనూ తమ్ముడూ వెళితే సరిపోతుంది. కానీ జట్టు జట్టంతా, ఎదురు ఊళ్లో ఆటకి వెళ్లినట్టు, ఉతికిన జెర్సీలు వేసుకుని ఎక్కింది. ఎప్పుడూ బయట బల్ల మీదే కూర్చునే ఇద్దరు బదులు ఆటగాళ్లు కూడా వచ్చారు. దారి పొడుగునా తల ఎంత వంచాలో కోచ్ సాధన చేయించాడు.

మెసాకె తాత అపెనిసా ఇంట్లో చాపలు పరిచి ఉంచారు. ఆయన వాళ్ల చర్చిలో పెద్ద, మెల్లగా మాట్లాడే మనిషి. ఆయన వెనక నలోటో జట్టు కూడా జెర్సీల్లో వరసగా కూర్చుని ఉంది. మేం గుమ్మం పక్కన కూర్చున్నాం. నేను కట్ట ముందుకు జరిపి మాట్లాడాను.

మూడు రోజులు తయారు చేసుకున్న మాటలు. వాళ్ల భాషలో మొదలుపెట్టి, మన భాషలోకి వచ్చి, మళ్లీ వాళ్ల భాషలో ముగించాను. ఒకే మట్టిలో పెరిగిన చెరకు అన్నాను. దేవుడికి రెండు గోల్ పోస్టులు లేవన్నాను. అపెనిసా కళ్లు తడిశాయి. అది చూసి, ఇంటికెళ్లగానే కమ్లావతికి చెప్పాలనుకున్నాను. క్షమాపణ అడుగుతూ అలాంటి సంతోషం పడవచ్చో లేదో ఇప్పటికీ నాకు తెలియదు.

అపెనిసా చెయ్యి చాచి కట్టని తాకాడు, తాకితే తీసుకున్నట్టు. వాళ్లు ఆచారం ప్రకారం చప్పట్లు కొట్టారు. పని అయిపోయిందనుకున్నాను.

అప్పుడు తెర వెనక నుంచి ఇద్దరు ఇంకో కట్ట మోసుకొచ్చారు. ఇద్దరు మోయాల్సినంత కట్టే. దానికి ఎర్ర రిబ్బను కూడా ఉంది. మా మెసాకె కాలు తొక్కాడు, అందుకు మేమూ క్షమాపణ అడుగుతున్నాం అని వాళ్ల తరఫు మనిషి మాట్లాడాడు. నాకంటే బాగా మాట్లాడాడు. నాకంటే ఎక్కువసేపు కూడా.

శలేంద్ర ఆ కట్ట వంక చూశాడు. తర్వాత మా కట్ట వంక చూశాడు. దాని పక్కన మాది కూరకి తెచ్చిన ములక్కాడల మోపులా ఉంది.

"ఎంతుంటుందన్నా అది?" అని గొణిగాడు.

మూడు కిలోలుంటుందన్నాను.

వాడు లేచి నిలబడ్డాడు. ఆ ఇంట్లో పెద్దలు కూర్చుని ఉండగా నిలబడటం చెంపదెబ్బ కంటే పెద్ద తప్పు. తెర వెనక ఆడవాళ్ల మాటలు ఆగిపోయాయి.

"ఇది క్షమాపణ కాదు తాతా," అన్నాడు శలేంద్ర. "మమ్మల్ని కూర్చోబెట్టి వేసిన గోల్. నేను ముట్టుకోను."

మెసాకె తల ఎత్తకుండానే అన్నాడు, "నీ పాదానికి మూడు కిలోలు ఎక్కువే బావా. నేనూ వీళ్లకి అదే చెప్పాను."

రెండు వరసలూ మోకాళ్ల మీదికి లేచాయి. ఎవరు ఎవర్ని పట్టుకోవాలో అప్పుడే సర్దుకుంటున్నారు. ప్రణీల్ "వదలండ్రా నన్ను" అన్నాడు. వాడిని ఇంకా ఎవరూ పట్టుకోలేదు.

అపెనిసా గొంతు పెంచలేదు. మాది మీరు తీసుకోకపోతే మీది మేం తీసుకున్నట్టు కాదన్నాడు. శనివారం మెసాకె గడప దాటడన్నాడు. శలేంద్ర మొహంలో రక్తం ఇంకిపోయింది. అయినా కూర్చోలేదు. కూర్చుంటే ఓడిపోయినట్టు. నిలబడితే పదకొండేళ్లు పోయినట్టు.

అందరూ నా వంక చూశారు. ఇంకో ప్రసంగం నా దగ్గర సిద్ధంగానే ఉంది. ఎందుకో అది నోటికి రాలేదు.

"తాతా, ఈ కట్ట ఏరింది నేను," అన్నాను. "పెద్దది తెస్తే తప్పంతా మాదే అంటారని చిన్నది ఏరాను. మా వరండాలో కూర్చుని చెంపదెబ్బని త్రాసులో వేశాం. కొట్టింది మా తమ్ముడు. తూచింది నేను."

 వాళ్ల తరఫు మనిషి దగ్గి, నేల చూస్తూ, తమది కూడా మొదట కిలోయే అని చెప్పాడు. వైతోవు వాళ్లు రెండు కిలోలు తెస్తారని వాళ్ల గోల్ కీపర్‌కి ఎవరో చెప్పారట. అందుకని మూడు చేశారు. ఈ సంగతి అపెనిసాకి తెలియదు.

ముసలాయన రెండు వరసల జెర్సీల్నీ ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశాడు.

"అయితే తప్పు ఒప్పుకోడానికి వచ్చిన వేరు ఈ గదిలో ఒక్కటీ లేదన్నమాట," అన్నాడు.

నేను ఇంకేదో చెప్పబోయాను. మార్కెట్లో వేళ్లవాడి మాట, మండలి సంగతి, రిఫరీని తిట్టిన సంగతి కూడా బయటికి వచ్చేలా ఉంది. శలేంద్ర చటుక్కున కూర్చుని, కాలే మూకుడు పట్టుకున్నట్టు రెండు వేళ్లతో ఆ పెద్ద కట్టని తాకాడు. పశ్చాత్తాపంతో తాకాడని మండలిలో చెప్పుకున్నాను. నిజం వాడే తర్వాత చెప్పాడు. "నువ్వింకో ముక్క మాట్లాడకుండా ఉంటే చాలనుకున్నానన్నా."

యంగోనా కలిపారు. మెసాకె, శలేంద్ర ఒకేసారి కొబ్బరి చిప్పలు అందుకుని, ఒక్క గుక్కలో తాగి, ఎవరిది ముందు ఖాళీ అయిందో చూసుకున్నారు.

శనివారం మెసాకె కమిటీకి వెళ్లి చెప్పాల్సింది చెప్పాడు. శలేంద్ర మా ఊరి జట్టు ఆటలు రెండింటికి బయట కూర్చుని, ఆ తర్వాత జిల్లా జట్టుతో వెళ్లాడు. పోటీకి ముందు రోజు నేను దీపం పెట్టి, వీళ్లిద్దరినీ ఒకటి చెయ్యి స్వామీ అని మొక్కుకున్నాను.

పోటీలో మొదటి రెండు ఆటల్లో వాడిని దింపలేదు. మూడో ఆటలో చివరి అరగంటలో దింపారు. మెసాకె అప్పటికే లోపల ఉన్నాడు. నేనూ అపెనిసా ఒకే బల్ల మీద కూర్చుని ఒకే పొట్లంలో వేయించిన బఠాణీలు తింటున్నాం. వాడు దిగిన పదకొండో నిమిషంలో అవతలి జట్టు వెనకాటగాడు మెసాకె జెర్సీ పట్టి లాగి, నలోటో గురించి ఏదో అన్నాడు. శలేంద్ర మైదానం ఆ చివరి నుంచి పరిగెత్తుకొచ్చాడు. బంతి కోసం కూడా వాడు అంత పరుగు ఎప్పుడూ పెట్టలేదు. వచ్చినవాడు వచ్చినట్టే ఆ మనిషిని గుండెతో గుద్దాడు. పడ్డవాడు లేవబోతే రెండోసారి మెసాకె పడేశాడు.

ఇద్దరికీ ఎర్ర కార్డు. ఒకరి మెడ మీద ఒకరు చెయ్యి వేసుకుని నవ్వుకుంటూ బయటికి వచ్చారు.

అపెనిసా చాలాసేపు కళ్లద్దాలు తుడుచుకున్నాడు. ఏమని మొక్కుకున్నావు నాయనా అని అడిగాడు. చెప్పాను. నేనూ అదే మొక్కుకున్నాను, ఎందుకోసం ఒకటి చెయ్యాలో కూడా చెప్పి ఉండాల్సింది అన్నాడాయన.

ఆట అయ్యాక బట్టలు మార్చుకునే గది వెనక శలేంద్ర కనిపించాడు. పదకొండేళ్లు ఎదురుచూసి పదకొండు నిమిషాలు ఆడావు, నీకు బుద్ధుందా అని అడగాలని వెళ్లాను. వాడు బూట్లు చేత్తో పట్టుకుని మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూడగానే మొహం విప్పారింది.

"మెసాకె నాకు బంతి ఇచ్చాడన్నా," అన్నాడు. "రెండుసార్లు. రెండోసారి ఎలా ఇచ్చాడో చూశావా?"

చూశానన్నాను. నిజానికి అప్పుడు నేను కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుంటున్నాను.