పసుపు జెండా ఎవరి వంతు

గురువారం మధ్యాహ్నం ఒకటిన్నరకు, వానలో సైకిలు తొక్కుకుంటూ ఇల్లు చేరేసరికి మా తలుపు పిడికి పసుపు జెండా వేలాడుతోంది. చూడగానే ఒళ్ళు మండిపోయింది.

మా వీధిలో బడికెళ్ళే పిల్లలున్న ఇళ్ళు పదకొండు. రోజుకొక ఇంటి తల్లి పొద్దున ఏడున్నర నుంచి ఎనిమిది దాకా పెద్ద రోడ్డు దగ్గర ఈ జెండా పట్టుకుని నిలబడి, పిల్లల్ని అవతలికి దాటించాలి. తండ్రులు కూడా నిలబడవచ్చని బడివాళ్ళిచ్చిన కాగితంలో ఉంది. కాగితంలో చాలా ఉంటాయి. దాటించాక జెండాతో పాటు ఉన్న నోటుపుస్తకంలో తేదీ, వాతావరణం, విశేషాలు ఓ ముక్క రాసి, రెండింటినీ పక్కింటి తలుపుకు తగిలించి రావాలి. బెల్లు కొట్టేది లేదు, మాట్లాడేది లేదు. తలుపుకు జెండా ఉందంటే రేపు నీ వంతు, అంతే. పదకొండు ఇళ్ళకీ పదకొండు బడి రోజులు. లెక్క ప్రకారం నా వంతు ఇంకో వారానికి గానీ రాకూడదు. అలాంటిది ఇప్పుడే వచ్చి కూర్చుంది.

అదీ శుక్రవారానికి. సంవత్సరంలో ఇంకే రోజూ దొరకనట్టు.

నేను సూపర్ మార్కెట్ వంటగదిలో వేపుళ్ళు వేస్తాను. ఎనిమిది నుంచి ఒంటిగంట దాకా. మా అమ్మాయి సుజునా ఏడున్నరకు తోటి పిల్లలతో కలిసి వరసలో బడికి బయల్దేరుతుంది, పది నిమిషాలకు నేను సైకిలెక్కుతాను. అది మూడింటికి వచ్చేసరికి ఇంట్లో ఉంటాను. ఈ షిఫ్టు కోసం రెండేళ్ళు కాచుకుని కూర్చున్నాను. ఇది పోతే మిగిలేది సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది. అంటే ఒకటో తరగతి పిల్ల మెడలో తాళంచెవి వేసుకుని చీకటి పడుతుంటే ఒక్కతే కూర్చోవాలి. నా మొగుడు షిగేకి కాంక్రీటు లారీ నడుపుతాడు, తెల్లవారుజామున ఐదుకు పోతే రాత్రి ఏడింటికి గానీ రాడు. బడి అయ్యాక పిల్లల్ని ఉంచుకునే గది ఒకటుంది. అక్కడ చోటడిగితే, "మీరు ఒంటిగంటకే ఇంటికొచ్చేస్తారుగా, మీకెందుకండీ" అన్నారు. సాయంత్రం షిఫ్టు పడితే ఇస్తారా అంటే, "ఏప్రిల్‌లో దరఖాస్తు పెట్టుకోండి" అన్నారు. ఇప్పుడు అక్టోబరు.

ఈ నెలలో ఇప్పటికే రెండుసార్లు ఆలస్యమయ్యాను. ఒకసారి పిల్లకు ముక్కులోంచి రక్తం, ఇంకోసారి సైకిలు చక్రం. మా వంటగది పెద్ద కువబారా గారు అరిచే మనిషి కాదు. మెల్లగా చెబుతాడు, అదింకా చెడ్డది. "సోనోబె గారూ, శుక్రవారం పేట పండగకు రెండు వందల నలభై భోజనం పెట్టెలు. ఎనిమిదికి నూనె కాగాలి. ఆ రోజు కూడా రాలేకపోతే, వచ్చే నెల మీ షిఫ్టు కొత్తావిడకు రాసేస్తాను" అన్నాడు.

జెండా విప్పి చూశాను. పొడిగా ఉంది. తెల్లవారుజాము నుంచి కుండపోతగా కురుస్తుంటే, పొద్దున అరగంట రోడ్డు మీద ఊగిన జెండా పొడిగా ఎలా ఉంటుంది? పుస్తకం తెరిచాను. ఇవాళ్టి తేదీ కింద, వంతుల వరసలో మాకు ముందున్న పక్కింటి మిజోగుచి గారి గుండ్రటి దస్తూరీ: "వాతావరణం: ఎండ. విశేషమేమీ లేదు."

చెప్పులు కూడా మార్చుకోకుండా వాళ్ళింటికి వెళ్ళాను. ఆమె పళ్ళ డాక్టరు దగ్గర కౌంటర్లో కూర్చుంటుంది. గురువారాలు మధ్యాహ్నం సెలవు, కాబట్టి దొరికింది.

"మిజోగుచి గారూ, ఇవాళ పొద్దున మీరు నిలబడ్డారాండీ?"

"అయ్యో, నిలబడకపోవడమేంటండీ!"

"వానలోనా?"

ఆమె ఆకాశం వైపు చూసింది, అక్కడ ఆకాశం ఉందని ఇప్పుడే తెలిసినట్టు.

"ఇక్కడ ఎండ అని రాశారు మరి."

"మా వైపు కాసేపు తెరిపిచ్చిందండీ."

మా వైపంట! వాళ్ళ గోడకీ మా గోడకీ మధ్య పిల్లి కూడా పక్కకి తిరిగి నడవాలి.

"రాత్రే రాసి పెట్టేసుకుని, పొద్దున పనికి పోతూ నా తలుపుకు తగిలించారు. అంతేగా? నాకూ పనుందండీ. రేపు నా షిఫ్టు పోతుంది. ఒకళ్ళు తప్పించుకుంటే ఆ బరువు ఎవరి నెత్తిన పడుతుందో ఆలోచించరా మీరు?"

మిజోగుచి గారి మొహంలో నవ్వు పోయింది. "ఎనిమిదో తారీకు పేజీ తిప్పండి" అంది.

"ఎందుకు?"

"తిప్పండి, పర్లేదు."

తిప్పాను. నా దస్తూరీయే. "వాతావరణం: ఎండ. పిల్లలందరూ హుషారుగా పలకరిస్తూ వరసగా దాటారు."

"ఎనిమిదిన తుఫాను" అంది ఆమె. "బడికి సెలవిచ్చారు. మా పూలకుండీ ఎగిరొచ్చి మీ పెరట్లో పడితే మీరే తెచ్చిచ్చారు కూడానూ. హుషారుగా దాటిన ఆ పిల్లలు ఎవరి పిల్లలండీ?"

మర్చిపోయానని కాదు. గుర్తు తెచ్చుకోలేదు, అంతే. ఆ ముందు రోజు సుజునాకు జ్వరం, నాకు నిద్ర లేదు, ఒక్కసారికేం పోయిందని రాత్రే రాసేసి తెల్లారగానే పక్కింటికి తగిలించాను. గాలి లేచింది ఆ తర్వాత.

"నేను తప్పు పట్టడం లేదు" అంది మిజోగుచి గారు. గొంతు కూడా మెత్తబడింది. "అది చదివాకే నాకు ధైర్యమొచ్చింది. అందరూ చదివారు లెండి."

దొంగే దొంగా దొంగా అని వీధిలో కేకలేస్తే ఎలా ఉంటుందో అలా ఉంది నా బతుకు. ఇంటికొచ్చి పేజీలన్నీ తిప్పాను. నా తుఫాను ఎండ దాకా తేదీలు ఒద్దికగా, రోజుకొకరు. ఆ తర్వాత ఒకే తేదీ కింద ఇద్దరేసి: పొద్దున ఒకావిడ పనికి పోతూ తగిలిస్తే, ఇంకొకావిడ "ఇవాళ్టిది అయిపోయిందిగా" అని సాయంత్రానికల్లా ముందుకు తోసేసింది. పదో తారీకు ఒకావిడకు ఎండ, ఒకావిడకు మబ్బు. విశేషం మాత్రం ఎవరికీ లేదు. తిలాపాపం తలా పిడికెడు పంచుకున్నాం, మొదటి పిడికెడు నాది.

సిగ్గుపడ్డాను. కానీ సిగ్గు వల్ల గడియారం ఆగదు కదా, రేపు శుక్రవారమే. కలం తీసి రేపటి తేదీ వేశాను. "వాతావరణం:" అని రాసి, ఈసారైనా చూసి రాద్దామని టీవీలో రేపటి సంగతి కనుక్కుని, "ఎండ" అని పెట్టాను. "విశేషమేమీ లేదు." పొద్దున పోతూ పోతూ పక్కింటికి తగిలించేస్తే సరి.

మూడింటికి సుజునా వచ్చింది. జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి. వీపు సంచిలోంచి అన్నిటికంటే ముందు ఓ చిన్న పుస్తకం తీసింది. అట్ట మీద కుందేలు బొమ్మ. దాన్ని తువ్వాలుతో తుడిచింది, తల తుడుచుకోకుండా.

"ఏంటే అది?"

"వంతుల పుస్తకం. రేపు నా వంతు!"

"దేనికి వంతు?"

"రోడ్డు దగ్గర. అమ్మలు రావట్లేదుగా, మేమే చేసుకుంటున్నాం. బడిలో తొడుక్కునే బూట్ల సంచి ఇలా ఎత్తి పట్టుకుని నిలబడాలి." తన ఎర్ర సంచి తల మీదికి ఎత్తి చూపించింది. "ఫుకాయె అక్క పెట్టింది వంతులు. చిన్నవాళ్ళు పట్టుకుంటే బళ్ళు తొందరగా ఆగుతాయంట."

ఫుకాయె ఆరో తరగతి పిల్ల. వరసకు ముందు నడుస్తుంది.

"నాకెందుకు చెప్పలేదే?"

"అమ్మలకి పనులుంటాయి, వాళ్ళనడగొద్దు అంది ఫుకాయె అక్క."

పుస్తకం తీసుకున్నాను. పిల్లల దస్తూరీలు, రోజుకొకటి.

"మంగళవారం. ఎవరూ రాలేదు. సంచి ఎత్తాం. తెల్ల కారు ఆగింది."

"బుధవారం. ఎవరూ రాలేదు. కుక్కని తిప్పే తాతయ్య నిలబడ్డాడు. కుక్క కూడా."

"గురువారం. వాన. ఎవరూ రాలేదు. నీలం లారీ ఆగలేదు. మేం ఆగాం."

మూడోదాన్ని నాలుగుసార్లు చదివాను. ఇంతమంది పెద్దవాళ్ళం నిజం రాయలేకపోయిన పుస్తకానికి, ఏడేళ్ళ వాళ్ళు జవాబు రాశారు. ముందు నా మీద కోపమొచ్చింది, తర్వాత మిజోగుచి గారి మీద, బడి మీద, కువబారా గారి నూనె మీద, ఏప్రిల్ మీద. చివరికి అన్నిటికీ కలిపి సుజునా మీద అరిచాను, తల తుడుచుకోలేదని.

షిగేకి ఇంటికొచ్చాక చెబితే, "ఒక్క రోజేగా, పిల్లలు జాగ్రత్తగానే ఉన్నారుగా" అన్నాడు. లారీ నడిపే మనిషి. ఏ రంగు లారీ నీది అని అడగబోయి ఆగాను. తెలుపని నాకు తెలుసు.

రాత్రి ఎనిమిది లోపే కువబారా గారికి ఫోన్ చేశాను.

"రేపు ఎనిమిదిన్నర అవుతుందండీ."

"సోనోబె గారూ, నేను మీకు చెప్పాను."

"చెప్పారండీ. పిల్లల రోడ్డు దగ్గర ఎవరూ నిలబడట్లేదు."

"మీరొక్కరే నిలబడాలా?"

"రేపు నా వంతు."

"రేపు వంట కూడా మీ వంతేనండీ" అన్నాడు, మెల్లగానే. అందులో తప్పేముంది. ఆయన మాటా నిజమే. ఈ ఊళ్ళో అందరి మాటా నిజమే, అందుకే ఒళ్ళు మండేది.

శుక్రవారం నిజంగానే ఎండ కాసింది. ఏడు ఇరవైకే జెండా పట్టుకుని పెద్ద రోడ్డు దగ్గర నిలబడ్డాను. పిల్లల పసుపు టోపీలు వరసగా వస్తుంటే, ముందున్న ఫుకాయె నన్ను చూసి ఆగిపోయింది. తప్పు చేస్తూ దొరికిన దానిలా తల వంచి, "శుభోదయమండీ" అంది. నాకు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

సుజునా మాత్రం ఎర్ర సంచి పట్టుకుని వరసలోంచి పరుగెత్తుకొచ్చింది. "అమ్మా! ఇవాళ నా వంతు! నువ్వెందుకొచ్చావ్?"

"వరసలోకి నడు."

"నా వంతమ్మా! నిన్నటి నుంచీ చెప్తూనే ఉన్నాగా!"

"నడవమన్నానా?"

మలుపులోంచి నీలం లారీ వచ్చింది. జెండా చాచి రోడ్డు మీదికి రెండడుగులు వేశాను. బ్రేకులు కీచుమన్నాయి. డ్రైవరు కుర్రాడేం కాదు, నాలాంటివాడే, ఎక్కడికో ఆలస్యమైన మొహం. అద్దంలోంచి తల వంచి క్షమాపణ చెప్పాడు. పిల్లలు దాటారు. సుజునా దాటుతున్నంతసేపూ నన్ను చూడకుండా, సంచిని తల మీదికి ఎత్తే పట్టుకుంది.

ఎనిమిదీ ఇరవై ఏడుకు వంటగదిలోకి వెళ్ళాను. నా బాణలి దగ్గర కొత్తావిడ నిలబడి ఉంది. కట్లెట్లు బాగానే వేగుతున్నాయి, అది ఇంకా కష్టంగా అనిపించింది. కువబారా గారు పెట్టెలు సర్దే బల్ల వైపు చూపించాడు. ఒంటిగంటకు బయటికొస్తూ గోడ మీద వచ్చే నెల పట్టీ చూశాను. ఉదయం గడిలో నా పేరు చెరిపేసి ఉంది. సాయంత్రం గడిలో కొత్తగా రాసి ఉంది, పెన్సిలుతో కూడా కాదు, పెన్నుతో.

దారంతా ఏడుపొచ్చింది. కోపంతో వచ్చే ఏడుపు, దాన్ని ఆపుకోవడానికి సైకిలు గట్టిగా తొక్కాను.

ఇంటికొచ్చి జెండా పుస్తకం తెరిచాను. ముందు రోజు రాసి పెట్టుకున్న "విశేషమేమీ లేదు" కొట్టేశాను. "నీలం లారీ ఆగింది. నిన్న ఆగలేదు, నిన్న ఇక్కడ ఎవరూ లేరు" అని రాశాను. ఎనిమిదో తారీకు పేజీకి వెళ్ళి, నా హుషారైన పిల్లల కింద, "ఆ రోజు తుఫాను. బడి లేదు. నేను నిలబడలేదు. సోనోబె" అని రాశాను.

మూడింటికి వచ్చిన సుజునా నాతో మాట్లాడలేదు. బల్ల ముందు కూర్చుని కుందేలు పుస్తకంలో రాసుకుంది. నేను పళ్ళెం పెట్టే వంకతో వంగి చూశాను.

"శుక్రవారం. ఎండ. అమ్మ వచ్చింది. నీలం లారీ ఆగింది. నా వంతు పోయింది."

"నాదీ పోయిందే" అన్నాను.

"నీకేం పోయింది?"

వచ్చే నెల నుంచి సాయంత్రాలు నేనుండనని చెప్పాను. తాళంచెవి సంగతి కూడా చెప్పాను. అది చాలాసేపు పెన్సిలు కొరుక్కుంటూ కూర్చుంది. "నేను చేసుంటే పోయేది కాదుగా" అంది చివరికి. "నువ్వు పనికి పోయుండాల్సింది."

నిజమే కదా.

"ఆ పుస్తకం ఒకసారి ఇవ్వవే, అవతలి పక్కింటావిడకు చూపిస్తాను."

"ఇవ్వను. మా పుస్తకం. సోమవారం ఇంకొకళ్ళకివ్వాలి."

"సోమవారం నుంచి అమ్మలుంటారు."

"ఉండకపోతే?"

బతిమాలాను, బెదిరించాను, పిండివంట ఆశ పెట్టాను. ఇవ్వనంటే ఇవ్వనంది. అచ్చం నా పోలికే. చివరికి జెండా పుస్తకాన్ని తనవైపు లాక్కుని, నా రాత కింద వంకర అక్షరాలతో, కుందేలు పుస్తకంలో ఉన్నదంతా మొదటి నుంచీ ఎక్కించడం మొదలుపెట్టింది. కుక్కతో సహా. ఒక గంట పట్టింది.

చీకటి పడకముందే జెండా, పుస్తకం తీసుకుని ఇద్దరం అవతలి పక్కింటికి వెళ్ళాం. సుజునా అలవాటుగా తలుపు పిడికి తగిలించబోయింది. నేను దాని చేతిలోంచి తీసుకుని బెల్లు కొట్టాను. లోపల ఎవరో తడబడుతున్న చప్పుడైంది. ఈ వీధిలో జెండా ఇవ్వడానికి బెల్లు కొట్టినవాళ్ళు ఇంతవరకూ లేరు. తలుపు తీసేదాకా కొడుతూనే ఉన్నాను.